మొక్కల దీపం: పుట్టుపూర్వోత్తరాలు

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగు వినబడే వీధులు చాలానే ఉన్నాయి. పవర్‌లూమ్ పని కోసం వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా లోపలి గదిలోకి ఒక్క కిరణం దిగదు. ఊరి నుంచి తెచ్చిన గోంగూర గింజలు అలాంటి గదిలో డబ్బాలో చల్లితే మొలకలు వస్తాయి. తర్వాత వెలుతురు వెతుక్కుంటూ బారుగా సాగి, పాలిపోయి, ఒక పక్కకు ఒరిగిపోతాయి. ఇప్పుడు చాలామంది అలమరలోనో గూట్లోనో నీళ్ళ తొట్టి పెట్టి, పైన మొక్కల దీపం (గ్రో లైట్) వేలాడదీసి ఆకుకూరలు పెంచాలని చూస్తున్నారు. దుకాణానికి వెళ్తే ఊదారంగు దీపాలు, తెల్ల దీపాలు, పెట్టెల మీద వెయ్యి వాట్ల అంకెలు చూసి ఏది కొనాలో తేల్చుకోలేరు. ఈ గందరగోళానికి కారణం ఆ దీపాల చరిత్రలోనే ఉంది. మొక్క దగ్గరికి వచ్చిన దీపాల్లో చాలా మటుకు వేరే పని కోసం పుట్టినవే. వీధికి, ఆఫీసుకు, ఓడరేవుకు చేసిన వెలుగును మనిషి మొక్క మీదికి తిప్పాడు.

మొదట వచ్చింది కార్బన్ ఆర్క్ దీపం. రెండు బొగ్గు కడ్డీల మధ్య విద్యుత్తు దూకి మండే ఆ వెలుగు దీపస్తంభాలకు పనికొచ్చింది. 1861లో ఫ్రాన్స్‌లో ఎర్వే మాంగోఁ ఆ కాంతిలో రై మొలకలు పెంచి, సూర్యుడు లేకపోయినా ఆకు పచ్చబడుతుందని చూపించాడు. దాన్ని పెద్ద ఎత్తున ప్రయత్నించినవాడు విలియం సీమెన్స్. జర్మనీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఈ ఇంజనీరు టన్‌బ్రిడ్జ్ వెల్స్ దగ్గర తన ఇంటి తోటలో ఆవిరి యంత్రంతో కరెంటు పుట్టించి, మొక్కలను నాలుగు గుంపులుగా పెట్టాడు. ఒక గుంపు పూర్తిగా చీకట్లో, ఒకటి దీపం కింద మాత్రమే, ఒకటి పగటి వెలుగులో మాత్రమే, చివరిది పగలు ఎండలో, రాత్రి దీపం కింద. చివరి గుంపే అన్నింటికన్నా బాగా పెరిగింది. 1880 మార్చిలో రాయల్ సొసైటీ ముందు ఈ ఫలితాలు చదివాడు. గాజు కవచం లేని ఆర్క్ దీపం ఆకులను మాడుస్తుందని, మధ్యలో గాజు పలక పెడితే ఆ నష్టం తగ్గుతుందని కూడా అతని పరీక్షల్లో తేలింది. గాజు అడ్డుకున్నది అతినీలలోహిత కిరణాలనన్నమాట.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో లిబర్టీ హైడ్ బెయిలీ 1891లో ఇదే ప్రయోగాలు ప్రచురించాడు. లెట్యూస్ తొందరగా పెరిగింది. కానీ అక్కడి స్పినాచ్ ఆకు వేయడం మాని గబగబా పూతకొచ్చి గింజ కట్టింది. (అది మన పాలకూర కాదు, వేరే జాతి.) రాత్రంతా వెలుగు పెడితే ఒక మొక్క ఆకు వేయడం, మరొకటి పూయడం ఎందుకో అప్పుడు ఎవరికీ తెలియదు.

ఆ ముడి విప్పడంలో తొలి అడుగు వేసింది గంజాయి మొక్కే. ఐరోపాలో దాన్ని నార కోసం పండించేవారు. పారిస్‌లో జూలియన్ తుర్న్వా అనే యువ శాస్త్రవేత్త నారగంజాయిని, హాప్స్‌ను చలికాలంలో గాజుఇంట్లో విత్తితే అవి మోకాలెత్తు కూడా రాకముందే పూస్తున్నాయని గమనించాడు. రోజుకు ఆరు గంటలే వెలుగు ఇచ్చి చూశాడు. మళ్ళీ అంతే, చిన్న వయసులోనే పూత. 1912లో ఆ ఫలితాలు ప్రచురించాడు. 1914 నాటికి ఇంకో అడుగు ముందుకు వేసి, పూతను రప్పించేది పగలు తగ్గడం కన్నా రాత్రి పెరగడమే అని రాశాడు. అంత పెద్ద మాట రాసిన కొద్దికాలానికే మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. బతికి ఉంటే ఈ శాస్త్రానికి అతని పేరే పెట్టేవారని నా నమ్మకం.

పేరు పెట్టే అవకాశం అమెరికా వ్యవసాయ శాఖలోని గార్నర్, అల్లార్డ్‌లకు దక్కింది. మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవిలో పూత లేకుండా మనిషిని మించి ఎత్తు పెరిగి ఆకుల మీద ఆకులు వేసేది. గాజుఇంట్లో చలికాలంలో మాత్రం పూసేది. వేసవిలోనే రోజూ సాయంత్రం నాలుగింటికి కుండీలను చీకటి గుడిసెలోకి చేర్చి, మర్నాడు తొమ్మిదింటికి బయటికి తీస్తే మొక్క పూతకొచ్చింది. 1920లో ఈ పరిశోధన వెలువడింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు రైతులకు ఆకు ఎంత ముఖ్యమో తెలుసు కాబట్టి పూత ఆగితే లాభమెవరికో చెప్పనక్కర్లేదు. అదే శాఖ బెల్ట్స్‌విల్ కేంద్రంలోని శాస్త్రవేత్తలు 1950లలో పగలూ రాత్రుల పొడవును బట్టి పూసే ఈ గుణం వెనక ఉన్న వర్ణద్రవ్యాన్ని పట్టుకున్నారు. ఎర్ర కాంతి తగిలితే ఒక రూపంలోకి, ఎరుపు చివరన ఉండే దూరపు ఎరుపు తగిలితే వెనక్కి మారే ఆ పదార్థంతోనే మొక్క వెలుగును, చీకటిని పసిగడుతుంది.

మన గోంగూర కూడా చిన్న పగలు వస్తే పూసే జాతి. సూరత్‌లో జూన్‌లో పగలు సుమారు 13 గంటల 20 నిమిషాలు, డిసెంబర్‌లో 10 గంటల 50 నిమిషాలు. వానాకాలంలో వేసిన గోంగూర చలి మొదలయ్యేసరికి ఆకు తగ్గి పువ్వు తొడుగుతుంది. దీపం కింద 16 గంటల పగలు ఇస్తే ఆకే వేస్తుంది. కొత్తిమీరది తిరుగు గుణం: పగలు పొడవైతే, అందులో వేడి కూడా తోడైతే, త్వరగా కాండం సాగి పూస్తుంది. దానికి 12 గంటలు చాలు. కాబట్టి ఈ రెండింటినీ ఒకే గూట్లో ఒకే దీపం కింద పెట్టడం పొరపాటు. పొలాల్లో కూడా ఈ లెక్క నడుస్తోంది. గుజరాత్ ప్రభుత్వం 2021 జనవరిలో కమలం అని పేరు మార్చిన డ్రాగన్ ఫ్రూట్ పొడవు పగలు వస్తే పూసే మొక్క. వియత్నాంలో, మన అనంతపురంలో కొందరు రైతుల తోటల్లో, కాలం కాని కాలంలో కాయ కోసం రాత్రిళ్ళు బల్బులు వెలిగిస్తున్నారు.

దీపం చరిత్రకు తిరిగి వస్తే, 1938లో ఫ్లోరసెంట్ ట్యూబు అమ్మకానికి వచ్చింది. ఆఫీసులకు, కార్ఖానాలకు చల్లటి వెలుగు ఇవ్వడానికి చేసిన ఆ ట్యూబు ఆకుకు దగ్గరగా పెట్టినా కాల్చదు. 1960లలో సిల్వేనియా కంపెనీ గ్రో-లక్స్ పేరుతో ఎరుపు, నీలం ఎక్కువగా ఉండే ట్యూబు అమ్మింది. చూడటానికి గులాబీరంగు వెలుగు. మొక్కల దీపం అంటే ఊదాగానో గులాబీగానో ఉండాలనే నమ్మకానికి మొదటి బీజం అక్కడే పడింది. అదే దశాబ్దంలో హై ప్రెషర్ సోడియం దీపం వీధుల్లోకి దిగింది. నారింజ పసుపు వెలుగు, గట్టి శక్తి, దానికి తగ్గ వేడి. హాలండు గాజుఇళ్ళ గులాబీ రైతులు దాన్ని పట్టుకున్నారు. అమెరికాలో దొంగచాటుగా గంజాయి పెంచేవాళ్ళు పొలాల మీద హెలికాప్టర్ నిఘా పెరిగేసరికి అదే దీపాన్ని గదుల్లోకి, అలమరాల్లోకి తీసుకెళ్ళారు. 1989 అక్టోబర్‌లో అక్కడి మాదకద్రవ్య నిరోధక సంస్థ ఆపరేషన్ గ్రీన్ మర్చంట్ పేరుతో దేశమంతా గ్రో లైట్ దుకాణాల మీద దాడులు చేసింది. నేడు చిన్న గూట్లో దీపం ఎంత ఎత్తున కట్టాలి, గాలి ఎటు పోవాలి అనే సలహాల్లో చాలా భాగం ఆ చీకటి వ్యాపారంలో పోగైనదే. ఆ సలహాలు ఎక్కువ వెలుగు కోరే పూతపంటకు రాసినవి. ఆకుకూర పెంచుకునే గృహస్థు వాటిని చదివి అవసరానికి మూడింతలు దీపం కొంటున్నాడు.

మన దేశంలో ఇంట్లో గంజాయి పెంచడం నేరం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 20వ సెక్షన్ కింద సాగుకు పదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఒక్క కుండీ అయినా సాగే. 2023లో అహ్మదాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో హైడ్రోపోనిక్ (మట్టి లేకుండా నీళ్ళలో పెంచే) పద్ధతిలో గంజాయి పెంచుతున్నవారిని పోలీసులు పట్టుకున్నారు. బ్యాంకాక్ నుంచి వచ్చే విమానాల్లో అదే రకం సరుకు శంషాబాద్‌లో పట్టుబడిన వార్తలు తరచూ చూస్తున్నాం. నీళ్ళలో సాగు పద్ధతికి ఈ చెడ్డపేరు న్యాయం కాదు. బెంగాల్‌లోని కలింపోంగ్‌లో షోల్టో డగ్లస్ 1940లలోనే పేదల ఇళ్ళ ముంగిట కూరగాయల కోసం బెంగాల్ పద్ధతి అనే హైడ్రోపోనిక్స్ రూపొందించాడు.

మొక్క కోసమే రూపుదిద్దుకున్న ఎల్ఈడీ దీపానికి నాంది అంతరిక్ష అవసరం. 1962లో నిక్ హోలోన్యాక్ కళ్ళకు కనబడే ఎర్ర ఎల్ఈడీ చేశాడు. అప్పట్లో అది మీటర్ల మీద చిన్న చుక్కే. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో నాసా అండతో పనిచేసిన బృందం 1980ల చివర్లో దాన్ని మొక్క మీదికి తెచ్చింది. అంతరిక్షనౌకలో పగిలే గాజు, పాదరసం, మంట పుట్టించే వేడి ఏవీ పనికిరావు మరి. 1991లో వాళ్ళు ప్రచురించిన పరిశోధనలో ఎర్ర ఎల్ఈడీ పక్కన నీలం ఫ్లోరసెంట్ ట్యూబు ఉంది. అప్పటికి మంచి నీలం ఎల్ఈడీ లేదు. 1993 నవంబర్‌లో జపాన్‌లోని నిచియా కంపెనీలో షుజి నకమురా దాన్ని సాధించాడు. అకసాకి, అమానోలతో కలిసి 2014లో నోబెల్ అందుకున్నాడు. 1995లో కొలంబియా అంతరిక్షనౌకలో ఎల్ఈడీల కింద బంగాళదుంప కోతల నుంచి చిన్న దుంపలు వచ్చాయి. 2015 ఆగస్టు 10న అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు ఎల్ఈడీ కింద పండిన ఎర్ర లెట్యూస్ ఆకు తిన్నారు.

ఎరుపు, నీలం కలిపిన ఊదా దీపాలు బజారుకు దిగింది ఈ వారసత్వంతోనే. పాఠ్యపుస్తకంలోని పత్రహరితం గ్రాఫు ఆ అమ్మకానికి సాక్ష్యం పలికింది: ఎరుపు, నీలం మాత్రమే మింగుతుంది, ఆకుపచ్చ వృథా అని. ఆ గ్రాఫు ఆకు నుంచి పిండిన పసరుది, బతికిన ఆకుది కాదు. 1972లో కీత్ మెక్‌క్రీ 22 రకాల పంటల ఆకులను కొలిచి, ఆకుపచ్చ కాంతి కూడా గణనీయంగా పనిచేస్తుందని చూపించాడు. ఆకు దొంతరల లోపలికి దిగేదీ ఆ కాంతే. అందుకే ఈ రోజు ఊదా దీపం కొనమని ఎవరికీ చెప్పలేను. తెల్ల ఎల్ఈడీ కింద మొక్క రంగు నిజంగా కనబడుతుంది. ఆకు పసుపెక్కినా, చీడ పట్టినా వెంటనే తెలుస్తుంది. ఇంట్లో వాళ్ళ కళ్ళు కూడా నొప్పెట్టవు.

అమ్మేవాడు చెప్పే వాట్లను నమ్మవద్దు. పెట్టె మీద 1000 అని ఉండి, సాకెట్ దగ్గర కొలిస్తే నిజంగా 100 వాట్లే లాగే దీపాలున్నాయి. ల్యూమెన్లు మనిషి కంటికి లెక్క. మొక్కకు కావలసింది ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ కాంతికణాలు పడుతున్నాయన్నది. ఆకుకూరకు రోజుకు 16 గంటల పాటు 200 ఉంటే సరిపోతుంది. అడుగు వెడల్పు, నాలుగడుగుల పొడవున్న గూటికి మంచి కంపెనీ 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ ట్యూబులు మూడు, ఆకుకు జానెడు ఎత్తున కట్టుకుంటే దాదాపు ఆ లెక్కకు చేరతాం. వీటి ధర గ్రో లైట్ పేరుతో అమ్మే దీపం కన్నా చాలా తక్కువ. లాగిన ప్రతి వాటూ చివరికి గూట్లో వేడిగానే మిగులుతుంది, ఎల్ఈడీ అయినా సరే. సూరత్ ఏప్రిల్, మే నెలల్లో తొట్టి నీళ్ళు 30 డిగ్రీలు దాటితే నీటిలో ప్రాణవాయువు తగ్గి వేళ్ళు కుళ్ళుతాయి. కాబట్టి చిన్న ఫ్యాను పెట్టి, దీపాన్ని సాయంత్రం నాలుగింటి నుంచి ఉదయం ఎనిమిదింటి దాకా వెలిగించి, పగటి వేడిలో ఆపండి. రాత్రి షిఫ్టుకు వెళ్ళేవాళ్ళ పగటి నిద్రను ఆ వెలుగు చెడగొట్టదు.

ఖర్చు కూడా ముందే చూసుకోవాలి. 60 వాట్లు, 16 గంటలు, అంటే నెలకు సుమారు 29 యూనిట్లు. నడి మధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు సెకనుకు సుమారు 2000 మైక్రోమోల్స్ ఉచితంగా ఇస్తుంది. ఈ గూటి దీపం ఇచ్చేదానికి అది పదింతలు. అందువల్ల దీపం కొనేముందు మేడ మీదో వరండాలోనో రోజుకు మూడు గంటలు ఎండ తగిలే చోటు ఉందేమో చూడండి. ఉంటే తొట్టి అక్కడ పెట్టండి, లేకపోతేనే దీపానికి వెళ్ళండి.