కోయిలకుంట్ల 1846: కట్టుబడులు, తాసీల్దారు, సైన్యం

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటును చదివేటప్పుడు ఎదురుగా నిలిచిన ప్రభుత్వ బలగాన్ని నేటి పోలీసు రూపంలో ఊహించుకోవడం సహజం. కాని 1846లో అటువంటి పోలీసు శాఖ లేదు. ఈ తేడాను పట్టించుకోకపోతే ఆ తిరుగుబాటులోని ముఖ్యాంశమే మరుగున పడుతుంది.

1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక మన్రో పాలెగాళ్ల బలాన్ని అణచివేశాడు. 1816 నాటి 11వ రెగ్యులేషన్ శాంతిభద్రతల బాధ్యతను రెవెన్యూ అధికారులకే అప్పగించింది. శిస్తు వసూలు చేసే తాసీల్దారే తాలూకా పోలీసుకు పెద్ద. దిగువన మాత్రం ఇనాము భూములు అనుభవిస్తూ కావలి, బంట్రోతు పనులు చేసే కట్టుబడులు ఉండేవారు. ఆ ఇనాములను ప్రభుత్వం క్రమంగా లాగేసుకోసాగింది.

నరసింహారెడ్డి తిరుగుబాటుకు కారణంగా చరిత్రకారులు ఎక్కువగా చెప్పేది పింఛను సంగతి. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి పింఛను ఆయన మరణంతో ఆగిపోయింది. నరసింహారెడ్డికి దక్కింది నెలకు 11 రూపాయల చిల్లర. ఇది నాయకుని కోపానికి కారణం కావచ్చుగాని, ఆయన వెంట నడిచిన జనాన్ని వివరించదు. అనుచరుల్లో భూములు పోయిన కట్టుబడులు ఉన్నారన్నదే నా దృష్టిలో కీలకం. నిన్నటిదాకా ఊళ్లకు కాపలా కాసినవారే ఇప్పుడు అధికారుల భాషలో అల్లరిమూక అయ్యారు.

1846 జులైలో వారు కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశారు. కోయిలకుంట్ల అప్పటికి కడప జిల్లాలోనిది. కర్నూలు జిల్లాలో చేరింది 1858లో. ఖజానా, కచేరీ, శాంతిభద్రతలు ఒక్క తాసీల్దారు చేతిలోనే ఉండడంతో ఆ దాడి మూడింటినీ ఒకేసారి తాకింది. ఇక ప్రభుత్వానికి మిగిలింది సైన్యమే. కడప కలెక్టరు కాక్రేన్ హయాంలో దళాలు వెంటాడగా, గిద్దలూరు ప్రాంతంలో పోరు సాగింది. అక్టోబరులో నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో బహిరంగంగా ఉరితీశారు.

మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం 1855లో ఇచ్చిన నివేదిక, శిస్తు వసూలు చేసేవారి చేతిలోనే పోలీసు అధికారమూ ఉండడంలోని ప్రమాదాన్ని బయటపెట్టింది. 1859 నాటి 24వ చట్టంతో వేరుగా పోలీసు శాఖ ఏర్పడింది. ఈ మార్పును చర్చించేటప్పుడు చిత్రహింసల మాట వస్తుంది, 1857 మాట వస్తుంది. కోయిలకుంట్ల మాట రాదు. కట్టుబడుల ఇనాముల రద్దును పోలీసు చరిత్రలో భాగంగా చదివితే, పాత కాపలా వ్యవస్థ కూలిన తీరు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

నరసింహారెడ్డి తలను కోయిలకుంట్ల కోటపై వేలాడదీశారు. అది 1877 దాకా అక్కడే ఉంది. అంటే కొత్త పోలీసు చట్టం వచ్చాక కూడా 18 ఏళ్లు.