గెలీలియో 5, 6 ఉపగ్రహాలు

ఐరోపా నావిగేషన్ వ్యవస్థ గెలీలియోకు చెందిన ఈ జంట ఉపగ్రహాలు 2014 ఆగస్టు 22న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి సోయుజ్ రాకెట్‌పై బయలుదేరాయి. చేరవలసింది భూమికి 23,222 కిలోమీటర్ల ఎత్తున ఉన్న వృత్తాకార మధ్యస్థ కక్ష్య. చేరింది మాత్రం 13,700 నుంచి 25,900 కిలోమీటర్ల మధ్య ఎత్తు మారే దీర్ఘవృత్తం. రాకెట్ చివరి దశ ఫ్రెగాట్‌లో హైడ్రజీన్ గొట్టం అతిశీతల హీలియం గొట్టాన్ని ఆనుకొని ఉండటంతో ఇంధనం గడ్డకట్టింది. ఇంత ఖరీదైన ప్రయోగాన్ని దారి తప్పించింది అదే!

ఉపగ్రహాలు తమ ఇంధనంతోనే కనిష్ఠ ఎత్తును సుమారు 3,500 కిలోమీటర్లు పెంచుకున్నాయి.

వీటి జాడ తీయడం సున్నితమైన పని. ప్రపంచమంతటా ఉన్న భూకేంద్రాలు వాటి రేడియో సంకేతాలను అందుకొని దూరాన్ని లెక్కిస్తాయి. అయితే గడియారం ఒక్క నానోసెకను తప్పినా లెక్కలో 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. తప్పు గడియారానిదా, కక్ష్యదా అన్నది తేలదు. ఆ చిక్కును లేజర్ విప్పుతుంది. టెలిస్కోపు నుంచి వెళ్లిన కాంతి ఉపగ్రహంపై అమర్చిన ప్రతిఫలకాలను తాకి తిరిగొచ్చే సమయాన్ని బట్టి, ఉపగ్రహ గడియారంతో పని లేకుండానే, దూరం సెంటీమీటర్ల కచ్చితత్వంతో తెలుస్తుంది.

అసలు విశేషం తర్వాత జరిగింది. రోజుకు రెండుసార్లు దాదాపు 8,500 కిలోమీటర్లు ఎగుడుదిగుడయ్యే కక్ష్యలో, గురుత్వాకర్షణ మార్పును బట్టి ఉపగ్రహాల్లోని హైడ్రోజన్ మేజర్ అనే అణు గడియారాల వేగమూ మారింది. ఫ్రెంచ్, జర్మన్ శాస్త్రవేత్తల బృందాలు దాన్ని కొలిచి 2018లో ఫలితాలు ప్రకటించాయి. గురుత్వాకర్షణను బట్టి గడియారాల వేగం మారుతుందన్న ఐన్‌స్టీన్ అంచనాకు 1976 నాటి గ్రావిటీ ప్రోబ్-ఎ పరీక్ష కంటే సుమారు అయిదు రెట్లు కచ్చితమైన నిర్ధారణ లభించింది.