శిశువుల కడుపునొప్పి (కోలిక్)

శిశువుల కడుపునొప్పి లేదా కోలిక్ అనగా, ఆరోగ్యంగా ఉండి, పాలు బాగా తాగుతూ బరువు పెరుగుతున్న పసిబిడ్డ కారణమేదీ కనిపించకుండా గంటల తరబడి ఏడవడం. ఇది సాధారణంగా పుట్టిన రెండు మూడు వారాలకు మొదలై, ఆరవ వారం ప్రాంతంలో ఉధృతమై, మూడు నాలుగు నెలలు నిండేసరికి దానంతట అదే తగ్గిపోతుంది. సుమారు ప్రతి ఐదుగురు శిశువులలో ఒకరికి ఇది వస్తుందని అంచనా. తల్లిపాలు తాగే పిల్లలకూ, డబ్బా పాలు తాగే పిల్లలకూ వస్తుంది. దీనిని పూర్తిగా నయం చేసే మందు ఏదీ లేదు. అందువలన ఉపశమన మార్గాన్ని ఎంచుకొనేటప్పుడు, అది పనిచేస్తుందా అనే ప్రశ్న కంటే ముందు దానివలన బిడ్డకు హాని ఉన్నదా అనే ప్రశ్న వేసుకోవలసి ఉంటుంది.

లక్షణాలు, నిర్వచనం

ఏడుపు ఎక్కువగా సాయంత్రం, రాత్రి వేళల్లో వస్తుంది. బిడ్డ ముఖం ఎర్రబడుతుంది, పిడికిళ్ళు బిగిస్తుంది, కాళ్ళు కడుపులోకి ముడుచుకుంటుంది. అపాన వాయువు పోవడం వలన నొప్పి కడుపులోనే ఉన్నదని పెద్దలు భావిస్తారు. నిజానికి చాలాసేపు ఏడ్చిన బిడ్డ గాలి మింగడం వలన కూడా కడుపు ఉబ్బుతుంది. అనగా గాలి ఏడుపుకు కారణం కాక, ఏడుపు ఫలితమై ఉండవచ్చు.

అమెరికా శిశువైద్యుడు మోరిస్ వెసెల్ 1954లో దీనికి "మూడు"ల సూత్రాన్ని ఇచ్చాడు: రోజుకు మూడు గంటల కంటే ఎక్కువగా, వారానికి మూడు రోజుల కంటే ఎక్కువగా, మూడు వారాలకు మించి ఏడవడం. 2016లో వెలువడిన రోమ్-4 ప్రమాణాలు వైద్యులు రోగనిర్ధారణ చేయడానికి ఈ గంటల లెక్కను పక్కన పెట్టాయి. ఐదు నెలల లోపు వయసు, ఓదార్చినా ఆగని ఏడుపు, జ్వరం గానీ ఎదుగుదల లోపం గానీ లేకపోవడం వీటిలో ముఖ్యమైనవి.

మందు పనిచేసినట్లు కనిపించడం

బ్రేజెల్టన్ అనే అమెరికా శిశువైద్యుడు 1962లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, ఆరోగ్యవంతులైన శిశువులలో కూడా ఏడుపు ఆరు వారాల వరకు పెరిగి తరువాత తగ్గుతుంది. ఏడుపు భరించలేని స్థాయికి చేరినప్పుడే తల్లిదండ్రులు మందు కోసం వెదుకుతారు. ఆ సమయంలో ఏది పట్టినా, తరువాతి వారాలలో ఏడుపు తగ్గడం ఖాయం కనుక ఆ ఘనత మందుకే దక్కుతుంది. ఒక తరం వారికి పనిచేసిన చిట్కా తరువాతి తరానికి నమ్మకంగా అందడానికి ఇది ఒక కారణం.

గ్రైప్ వాటర్ ఇందుకు మంచి ఉదాహరణ. దీనిని 1851లో ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్‌లో విలియం ఉడ్‌వర్డ్ తయారు చేశాడు. సోయికూర గింజల నూనె, వంట సోడా, చక్కెరతో పాటు అందులో 3.6 శాతం ఆల్కహాలు ఉండేది. బిడ్డ నిద్రపోవడానికి ఆల్కహాలు, చక్కెరలే ఎక్కువ కారణమని భావించవచ్చు. బ్రిటన్‌లో 1992 నుండి ఆల్కహాలును తొలగించారు. భారతదేశంలో దీని వాడకం తరతరాలుగా ఉన్నది; అమ్మమ్మ, అమ్మ వరుసగా ఒకే సలహా ఇచ్చే దీని ప్రకటన తెలుగువారికి కూడా సుపరిచితం. అయితే ఇది కోలిక్‌ను తగ్గిస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు.

ఇంతకంటే ప్రమాదకరమైన మందులు కూడా ఒకప్పుడు వాడారు. 1849 నుండి అమెరికాలో అమ్మిన మిసెస్ విన్‌స్లో సూతింగ్ సిరప్‌లో మార్ఫిన్ ఉండేది. బిడ్డ ఊరకుండేది నిజమే, కానీ కొందరు మళ్ళీ లేవలేదు. భారతదేశంలో కూడా పసిపిల్లలకు నల్లమందు పెట్టే అలవాటు ఉండేది.

ఇంటి వైద్యం

తెలుగు ఇళ్ళలో వాము నీళ్ళు, సోంపు నీళ్ళు, ఇంగువ, వస కొమ్ము, ఆముదం వాడుక ఎక్కువ. వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

ఇంగువను నీటిలో కలిపి బొడ్డు చుట్టూ పట్టు వేయడం వలన సాధారణంగా హాని ఉండదు. దానిని లోపలికి ఇవ్వడం మాత్రం తగదు. ఇంగువ మందు ఇచ్చిన ఒక పసిబిడ్డకు రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి దెబ్బతిన్నట్లు 1984లో వైద్య పత్రికలో నమోదైంది. సోంపు నూనెతో 2003లో జరిగిన ఒక పరీక్షలో కొంత ఉపశమనం కనిపించింది. కానీ ఇంట్లో మరిగించే కషాయంలో మోతాదు తెలియదు. పైగా ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీరు కూడా అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. చెంచాలతో పట్టే నీళ్ళ వలన బిడ్డ కడుపు నిండి పాలు తగ్గుతాయి, నీరు శుభ్రంగా లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి.

వస కొమ్మును అరగదీసి నాలుకకు రాస్తే కడుపునొప్పి తగ్గడమే కాక మాటలు త్వరగా వస్తాయని నమ్మకం. ఎక్కువగా మాట్లాడేవారిని వసపిట్ట అనడం తెలిసినదే. అయితే వసలో బీటా-అసరోన్ అనే పదార్థం ఉన్నది. జంతువులపై ప్రయోగాలలో వస నూనె క్యాన్సర్ కలిగించినందున అమెరికా 1968లో ఆహార పదార్థాలలో వసను నిషేధించింది. ఆముదం పట్టడం వలన విరేచనాలు, ఊపిరితిత్తులలోకి నూనె పోవడం వంటి ప్రమాదాలు ఉన్నవి. తేనెలో ఉండే బొటులిజం బీజాల కారణంగా ఏడాది లోపు పిల్లలకు దానిని నాకించరాదు. కడుపుపై చురకలు పెట్టడం కొన్ని ప్రాంతాలలో ఇంకా కనిపిస్తున్నది. ఇది బిడ్డను గాయపరచడమే తప్ప వైద్యం కాదు.

మందులు

డైసైక్లోమిన్ పేగుల బిగువును తగ్గించే మందు. కోలిక్‌పై కొంత పనిచేసినప్పటికీ, శ్వాస ఆగిపోవడం వంటి ప్రమాదాల వలన ఆరు నెలల లోపు పిల్లలకు ఇది నిషిద్ధం. కోలిక్ వచ్చేది ఆ వయసులోనే కాబట్టి దీనికి ఇక స్థానం లేదు. పెద్ద పిల్లలకు కొన్న చుక్కల మందును పసివారికి వాడకూడదు. సిమెథికోన్ శరీరంలో కలవదు కనుక సురక్షితమే, కానీ పరీక్షలలో ఉత్తుత్తి మందు కంటే మెరుగుగా పనిచేయలేదు.

లాక్టోబాసిల్లస్ ర్యూటెరి అనే మేలు చేసే సూక్ష్మజీవి తల్లిపాలు తాగే పిల్లలలో ఏడుపును కొంత తగ్గిస్తుందని 2018లో పలు పరీక్షలను కలిపి చేసిన విశ్లేషణ తెలిపింది. డబ్బా పాల పిల్లల విషయంలో అటువంటి ఫలితం తేలలేదు. నెలలు నిండక పుట్టిన శిశువులకు వైద్యుని సలహా లేకుండా ఇటువంటివి ఇవ్వరాదు. ఆవుపాల ప్రోటీను పడని కొద్దిమందిలో మాత్రం తల్లి పాల పదార్థాలు మానడం వలన ఉపయోగం ఉంటుంది. అందరు బాలింతలకూ పథ్యం విధించనవసరం లేదు.

ఓదార్చే పద్ధతులు

భుజాన వేసుకొని త్రేన్పు తెప్పించడం, ముంజేతిపై బోర్లా పడుకోబెట్టుకొని నడవడం, ఉయ్యాల మెల్లగా ఊపడం, గోరువెచ్చని నీటితో లాల పోయడం, ఫ్యాను శబ్దం వంటి ఒకే తీరు ధ్వని వినిపించడం హానిలేనివి. ఒక బిడ్డకు నచ్చినది మరొక బిడ్డకు నచ్చకపోవచ్చు. మాంట్రియల్‌లో 1986లో జరిగిన పరీక్షలో, రోజూ అదనంగా ఎత్తుకున్న సాధారణ శిశువులు ఆరవ వారంలో 43 శాతం తక్కువగా ఏడ్చారు. కోలిక్ ఉన్న పిల్లలపై 1991లో చేసిన పరీక్షలో ఆ ఫలితం రాలేదు. అయినా ఎత్తుకోవడం వలన బిడ్డ చెడిపోదు. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టాలి.

ఎంతకీ ఏడుపు ఆగనప్పుడు విసుగుతో బిడ్డను గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావమై ప్రాణాపాయం కలుగుతుంది. సహనం నశిస్తున్నదని తెలిసినప్పుడు బిడ్డను సురక్షితమైన చోట పడుకోబెట్టి కొద్ది నిమిషాలు పక్కకు వెళ్ళడం, లేదా మరొకరి చేతికి ఇవ్వడం తప్పు కాదు. రాత్రంతా బాలింత ఒక్కతే మోయవలసిన పని కాదిది.

వైద్యుని వద్దకు వెళ్ళవలసిన సందర్భాలు

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం, పసరు రంగు వాంతి, మలంలో రక్తం, ఉబ్బి గట్టిపడిన కడుపు, గజ్జలలో వాపు, పాలు తాగకపోవడం, మగతగా ఉండడం, బరువు పెరగకపోవడం ఉంటే అది కోలిక్ అనుకొని ఆగరాదు. ముడుచుకున్న పేగు, ఇరుక్కున్న హెర్నియా వంటివాటికి వెంటనే చికిత్స కావాలి. బాలింత జుట్టు బాగా రాలే రోజులివి కనుక, ఏడ్చే బిడ్డ కాలి, చేతి వేళ్ళకు వెంట్రుక చుట్టుకొని బిగిసిందేమో కూడా చూడాలి.