కొబ్బరిచిప్పా, గాజుబుడ్డీ

దర్బారుల వైభవాన్ని వర్ణించే గ్రంథాలలో హుక్కాకు పెద్దపీటే దక్కింది. ఆకుపచ్చని గాజుబుడ్డి, దానిమీద బంగారుపూతతో తీర్చిన పూలు - 18వ శతాబ్దిలో మొగలాయి ప్రభువులు మోజుపడిన అటువంటి బుడ్డి ఒకటి నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. అది అందమైనదే, కాదనవలసిన పనిలేదు. కాని ఒక వస్తువు అందాన్ని మెచ్చుకోవడంతో చరిత్రకారుని పని తీరదు. ఆ రూపం ఎక్కడిది? అందులో కాలిన ఆకు ఎవరు పండించినది? ఈ ప్రశ్నలు వేస్తే గాజుబుడ్డి మనలను గోదావరి ఒడ్డుకే తీసుకువస్తుంది.

మొదట పేరును చూద్దాం. ఇరాన్ మొదలుకొని టర్కీ వరకు హుక్కాకు గల పేర్లలో 'నార్గిలే' ఒకటి. పారసీకంలో 'నార్గీల్' అంటే కొబ్బరికాయ. దానికి మూలం మన 'నారికేళం'. అంబాజీపేట సంతలో రాసులుపోసే కాయే సుల్తానుల విలాసవస్తువుకు పేరు పెట్టిందన్నమాట! పొగను నీటిలోనుంచి లాగడానికి కొబ్బరిచిప్ప పనికివచ్చింది. సామాన్యులు 19వ శతాబ్దిలోనూ చిప్పహుక్కాలే తాగేవారు. ప్రభువుల బుడ్డీలు కూడా మొదట కాయవలె గుండ్రంగానే ఉండేవి. దొర్లిపోకుండా వాటికింద చుట్టకుదురు పెట్టవలసివచ్చేది. అడుగు వెడల్పైన గంట ఆకారపు బుడ్డి 18వ శతాబ్దిలోగాని స్థిరపడలేదు. దర్బారు కొత్తగా చేర్చినది విలువైన పదార్థాన్ని: గాజు, వెండి, బీదరు పనివారి చేతిలో నల్లబడిన తుత్తునాగం. ఆ నలుపుమీద వెండితీగ పొదిగిన పనివాని పేరు బుడ్డీమీద సాధారణంగా ఉండదు. వాడుకున్న ప్రభువుల పేర్లకు మాత్రం చరిత్రలో కొదవలేదు.

ఇక పొగాకు. దీన్ని అమెరికానుంచి మన దేశానికి తెచ్చినవారు పోర్చుగీసులు. బిజాపూరు వెళ్లిన అసద్‌బేగ్ అక్కడినుంచి పొగాకును, రత్నాలు చెక్కిన గొట్టాన్ని తెచ్చి అక్బరుకు సమర్పించాడు. వైద్యుడు వద్దన్నాడు, పాదుషా రుచి చూశాడు. 1617లో జహంగీరు నిషేధించినా అలవాటు ఆగలేదు. ఆ కాలానికే మచిలీపట్నం రేవునుంచి పొగాకు విదేశాలకు వెళ్తున్నది.

అప్పుడు కోనసీమ గోలకొండ ఏలుబడిలో ఉన్నది. 1618 - 1622 మధ్య మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు మెథ్వోల్డ్ అక్కడి పాలనాపద్ధతిని రాసిపెట్టాడు. ఎక్కువ సొమ్ము ఇస్తామన్నవారికి ఏటేటా అధికారాన్ని కట్టబెట్టేవారు. పాడుకున్నవాడు ఆ సొమ్మును రైతు వీపుమీదనే రాబట్టుకునేవాడు. దర్బారులో చిలుము రగలడానికి కావలసిన ధనం ఇలా పోగయింది.

గోదావరి లంకలలో పెరిగిన పొగాకుకు 'లంక పొగాకు' అని పేరే స్థిరపడింది. వరద తీసిన తరువాత మిగిలే ఒండ్రుమట్టి దాని బలం. కాని ఆ వరదే మరుసటి ఏడు లంకను కోసుకుపోవచ్చు. నారు పోయడం, తలలు తుంచడం, పిలకలు గిల్లడం, ఆకు ఆరగట్టడం - ప్రతిపనీ వంగిన నడుముతో, ఆకుజిగురు అంటిన చేతులతో చేయవలసినదే. ఇంగ్లీషువారి హయాములో లంకలు ప్రభుత్వపు కౌలుభూములైనవి. ప్రభువు మారాడు, శిస్తు మారలేదు.

ఆ కొత్త ప్రభువులు కూడా హుక్కాను వదలలేదు. 1779లో కలకత్తాలో వారన్ హేస్టింగ్స్ దంపతులు పంపిన విందు ఆహ్వానంలో, హుక్కాబర్దారును తప్ప మరే నౌకరునూ వెంటతేవద్దని కోరారు. నీరు మార్చడానికి, నిప్పు వేయడానికి, గొట్టం అందించడానికి ఒక మనిషి ఉండాలి. లంక రైతు చుట్టకు ఏ నౌకరూ అక్కరలేదు. ఈ రెండు పొగల మధ్య తేడా రుచిలో లేదు. ఒకరి శ్రమమీద మరొకరికిగల అధికారంలో ఉన్నది.

ఆ అధికారానికి ఎదురుదెబ్బ తగిలిన సందర్భమూ ఉన్నది. 1890లో ఇరాన్ షా తన దేశపు పొగాకు వ్యాపారాన్నంతా ఒక ఇంగ్లీషువానికి గుత్తకిచ్చాడు. వర్తకులు, మతాచార్యులు, పట్టణప్రజలు ఏకమైనారు. 1891 డిసెంబరులో పొగాకు ముట్టరాదన్న ఫత్వా వెలువడింది. షా అంతఃపురంలోని స్త్రీలు సైతం హుక్కాలు కట్టిపెట్టారు. 1892లో గుత్త రద్దయింది. దర్బారు విలాసానికి గుర్తుగా ఉన్న వస్తువును పక్కకు నెట్టడమే అక్కడ ప్రజల ఆయుధమైంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో బీదరు హుక్కాల ముందు నిలబడే విద్యార్థికి ఉపాధ్యాయుడు ఏ నవాబు కాలంనాటిదో చెబితే చాలదు. వెండితీగ పొదిగిన చేతినీ, లంకలో ఆకు ఆరగట్టిన చేతినీ కలిపి చెప్పాలి. అలా చెప్పిననాడే అది చరిత్రపాఠం; లేకపోతే జమీందారు ఇంటి సామాను జాబితా.