తోక పోయినా సూది వదల్లేదు

కోళ్ళ జబ్బుల చరిత్ర అనగానే అందరూ పాశ్చర్ దగ్గర మొదలెడతారు. కోళ్ళ కలరా, పాతబడ్డ కల్చర్, టీకా... ఆ కథ చాలామందికి తెలిసిందే. నన్నడిగితే అంతకంటే పెద్ద పాఠం ఇంకో కోళ్ళ జబ్బులో ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్ళే తక్కువ.

1889లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ క్లైన్ కోళ్ళని చంపుతున్న ఒక బాక్టీరియా గురించి రాశాడు. దాన్నే ఇప్పుడు సాల్మొనెల్లా గాలినారం అంటున్నాం. పెద్ద కోళ్ళకి టైఫాయిడ్ లాంటి జబ్బు తెస్తుంది. దీని తోబుట్టువు పుల్లోరం. 1900 ప్రాంతంలో అమెరికాలో లియో రెట్గర్ దాన్ని పట్టుకున్నాడు. అది సోకితే కోడిపిల్లలు తెల్లగా పారుకుని రోజుల్లో చచ్చిపోతాయి. బతికి బట్టకట్టిన పెట్ట పైకి బాగానే కనిపిస్తుంది, కానీ అండాశయంలో క్రిమిని మోస్తూ గుడ్డు ద్వారా పిల్లకి అంటిస్తుంది. హాచరీలు పెద్దవయ్యేకొద్దీ ఒక్క పెట్ట జబ్బు వేల పిల్లలకి పాకేది.

మరి దీన్నెలా ఆపారు? మందుతో కాదు. 1910ల్లో రక్తపరీక్ష వచ్చింది. 1935లో అమెరికాలో నేషనల్ పౌల్ట్రీ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ మొదలైంది. రక్తం తియ్యి, పాజిటివ్ వస్తే ఏరెయ్యి, అంతే! కొన్ని దశాబ్దాల్లో అక్కడి వాణిజ్య ఫారాల్లో ఈ జబ్బు దాదాపు లేకుండా పోయింది. క్రిమి ఎలా చంపుతుందో అప్పటికి ఎవరికీ తెలీదు. బగ్ ఎక్కడుందో తెలీకుండానే సిస్టమ్‌ని నిలబెట్టేశారన్నమాట.

అది తెలియడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. టైఫిమ్యూరియం అనే ఇంకో రకం సాల్మొనెల్లా కణాల్లోకి దూరడానికి వాడే జీన్లని 1989లో గలాన్, కర్టిస్ బయటపెట్టారు. 1995లో లండన్లో డేవిడ్ హోల్డెన్ బృందం ఎలుకల మీద పనిచేస్తూ ఇంకో గుంపు జీన్లని కనిపెట్టింది. ఈ రెండు గుంపులూ తయారుచేసేది టైప్ త్రీ స్రావక వ్యవస్థలనే. 1998లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే అచ్చం సిరంజిలా ఉంది! బాక్టీరియా దాంతో తన ప్రోటీన్లని ఎదుటి కణంలోకి నేరుగా ఎక్కిస్తుంది. మా భాషలో చెప్పాలంటే కోడ్ ఇంజెక్షన్. మొదటి సూది పేగు గోడ కణాల్లోకి చొరబడడానికి. రెండోది, తనని మింగిన కాపలా కణం లోపలే బతకడానికి.

ఎలుకల్లో సరే, మరి కోళ్ళలో? 2001లో బ్రిటన్లో జోన్స్, బారో బృందం గాలినారంని కోళ్ళలోనే పరీక్షించింది. మొదటి సూదిని పాడుచేసినా కోళ్ళు చస్తూనే ఉన్నాయి. రెండోదాన్ని పాడుచేస్తే క్రిమి చేతులెత్తేసింది. వేరే మెషీన్లో టెస్ట్ చేసి రిలీజ్ చెయ్యకూడదని మేం రోజూ చెప్పుకునేదే.

ఇంకో తమాషా ఉంది. ఈ సూదీ, బాక్టీరియా ఈదడానికి వాడే తోకా ఒకే వంశం. గాలినారంకి తోక పోయింది. కోడి రోగనిరోధక వ్యవస్థకి ఆ తోక కాలింగ్ బెల్ లాంటిది. అది మోగకపోవడంతో క్రిమి చడీచప్పుడు లేకుండా పేగు దాటేస్తుంది. 2008లో దాని జీనోమ్‌ని అచ్చేసినప్పుడు చూస్తే వందల జీన్లు పాడై డెడ్ కోడ్‌లా పడున్నాయి. సూదిని మాత్రం వదల్లేదు.

"ఏరివేతతోనే పోయిందిగా, ఇదంతా తెలిసి ఏం లాభం?" అనొచ్చు. ఏరివేత డబ్బున్నచోట చెల్లుతుంది. మన దేశంలోనూ, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లోనూ కోళ్ళ టైఫాయిడ్ ఇంకా ఉంది. అక్కడ మందలో సగాన్ని ఏరెయ్యమంటే రైతు ఏం కావాలి? వాళ్ళకి కావలసింది టీకా. 1956లో విలియమ్స్ స్మిత్ ఇచ్చిన 9ఆర్ టీకా ఇప్పటికీ వాడుకలో ఉంది. అది ఏ జీన్ ఏం చేస్తుందో తెలియని రోజుల్లో దొరికింది. టీకాలోని క్రిమే కోడిలో ఉండిపోయి ఇబ్బంది పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఏ సూది విరిస్తే క్రిమి లొంగుతుందో ఇప్పుడు తెలుసు కాబట్టి, ఇంకా భద్రమైన టీకాని ఆలోచించి కట్టొచ్చు. ఏరెయ్యడానికి స్తోమత లేని రైతుకి ఈ పరిశోధన వల్ల దక్కాల్సింది అదే.