పెరటి పాదులు – ఋతువుల వంటలు

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని సామెత. చరిత్రకును పనికిరాదని మనము తలచినట్లున్నది. రాజుల దండయాత్రలను సంవత్సరములతో సహా వల్లించుచున్నాము గాని, వంటింటి వెనుక వాకిలి దాటి పది అడుగులు వేసినచో కానవచ్చు చరిత్రను చదువుట లేదు. ఈనాడు ఆ పది అడుగులు నడచి చూతము.

ముందుగా ఐదువందల యేండ్ల వెనుకకు పోవలెను. 1509 మొదలు 1529 వరకు విజయనగరమును ఏలిన శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని అతిథిపూజను వర్ణించుచు, ఋతువున కొక విందు చెప్పెను. వానజడి పట్టిన దినములలో అన్నము, పప్పు, నాలుగైదు కూరలు, వానితో వడియములు, వరుగులు, పెరుగు. చలికాలమున మిరియపు పొడి చల్లిన వేడి కూరలు, ఆవ పెట్టిన పచ్చళ్లు. వేసవిలో నులివెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని అంబళి, ఎలనీరు, వడపిందెలు, నీరుమజ్జిగ.

ఈ పట్టికలో రెండు సంగతులు గమనింపదగియున్నవి. వానకాలపు విందులో వరుగులున్నవి. కాయలు విరివిగా దొరకినపుడు తరిగి ఎండబెట్టి, దొరకని దినములకు దాచుటయే వరుగు. అనగా ఒక ఋతువు మరియొక ఋతువునకు అన్నము పెట్టుచుండెను. ఇక రెండవది: ఆ విందులో కారమునకు మిరియము, ఆవ కలవు గాని మిరపకాయ లేదు.

ఏల యనగా మిరప అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబసు ఆ దిక్కునకు ఓడ నడపెను. 1498లో వాస్కోడగామా కళ్లికోటకు చేరెను. 1510లో గోవా పోర్చుగీసువారి వశమయ్యెను. ఆ రేవుల దారిని మిరప, జామ, జీడిమామిడి మన నేలకు వచ్చినవి. బంగాళాదుంప, టమాటా మన వంటిండ్లలో స్థిరపడుట తరువాతి మాట. మిరపకు మిరియముతో చుట్టరికము గల పేరే పెట్టుకొని మనవారు దానిని ఇంటిదానిని చేసికొనిరి. ఆవకాయ జాడీలో ఆవ పాతది, కారము క్రొత్తది.

అంతేకాదు. బూడిదగుమ్మడి ఆసియా ఖండపుదే గాని, సంక్రాంతినాడు బెల్లము వేసి వండుకొను తీపిగుమ్మడి అమెరికా తీగ. ఆంధ్రులకు ప్రాణమైన గోంగూరకు పుట్టినిల్లు ఆఫ్రికా యని వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయము. వంగ, దొండ, బీర మాత్రము ఈ దేశమునకును దాని చుట్టుపట్ల భూములకును చెందినవి. ఇట్లు మన పెరడు అనేక ఖండముల బంధువులు కూడిన పెండ్లి పందిరి వంటిది.

వచ్చిన బంధువులు మారిరి గాని, ఇంటి మర్యాద మారలేదు. ఆ మర్యాద ఋతువు. మృగశిర కార్తెలో తొలకరి పడగానే బీర, ఆనప, పొట్ల గింజలు నాటి పందిరి వేయుదురు. శ్రావణ భాద్రపదములకు కాపు. చిక్కుడు ఆషాఢమున నాటినను, పగళ్లు కురుచ యగువరకు పూయదు. అందుచేతనే రథసప్తమి నాటికి కాయలు సమృద్ధిగా నుండి, వానితో రథము కూర్చి, చిక్కుడాకులలో పరమాన్నము నివేదించు ఆచారమునకు అమరినవి. వేసవిలో తోటకూర, బచ్చలి. ఎండ ముదిరినంతనే మేడమీద వడియములు, వరుగులు, ఊరగాయ ముక్కలు.

ఈ క్రమములో వ్యర్థమనునది లేదు. లేత బీరకాయ కూరకు, దాని తొక్క పచ్చడికి, ముదిరి ఎండిన కాయలోని పీచు ఒళ్లు తోముకొనుటకు, గింజ మరుసటి తొలకరికి. స్నానపు నీరు అరటికి, చేమకు. పొయ్యిలోని బూడిద చిక్కుడు తీగకు పట్టిన పేనుకు మందు. ఆ బూడిదలోనే కలిపి గింజను దాచినది ఇల్లాలు. ఆమె పేరు ఏ శాసనమునను లేదు.

కరవు వచ్చినపుడు ఈ విద్య విలువ తెలిసినది. 1942లో బర్మా జపానువారి వశమై అచటి బియ్యము రాక నిలిచిపోయెను. 1943లో వంగదేశమున లక్షలమంది క్షామమునకు బలియైరి. అధికముగా పండింపుడని నాటి ప్రభుత్వము ఉద్యమము నడపెను. 1965లో ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి, ఇంటి ఖాళీ నేలలో పైరు పెట్టుడని ప్రజలను కోరి, తన నివాసపు పచ్చిక బయలును దున్నించెను. పెరడు బియ్యము నీయలేదు, నిజమే. కాని గంజికి తోడుగా ఒక ఆకును, ఒక కాయను ఇచ్చి ఇల్లు నిలుపగలదు.

నేడు చిక్కుడు చైత్రమునను అంగడిలో దొరకుచున్నది. సంకరజాతి విత్తనము ఎక్కువ కాపు నిచ్చుచున్నది. దానిని తప్పుపట్టుట మన ఉద్దేశము కాదు. కాని దాని గింజను దాచి నాటినచో తల్లి గుణము నిలువదు, ఏటేట కొనవలసినదే. పాత గింజ ఒక్క యేడు నాటక విడిచినచో బలహీనపడును, నాలుగైదేండ్లు విడిచినచో ఇంటినుండి పోయినట్లే. పోయిన రాజ్యముల చరిత్రను గ్రంథములలో చదువుకొనవచ్చును. పోయిన గింజను గ్రంథము మొలిపింపలేదు.

కావున ఈ తొలకరికి, పెరడు లేనివారు మేడమీది కుండీలోనైనను, ఒక బీరపాదు పెట్టుదము. కాచిన కాయలన్నియు కోయక, ఒకదానిని తీగమీదనే ఎండనిత్తము.