గుర్రం సిద్ధంగా ఉండే చోటు

అక్టోబర్ 9 ప్రపంచ తపాలా దినోత్సవం. 1874లో ఆ రోజునే స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పలు దేశాలు కూడి తపాలా ఒప్పందం చేసుకున్నాయి. ఆ సందర్భం రాగానే నా మనసు ఉత్తరాల కన్నా ముందు ‘పోస్టు’ అన్న మాట మీదికి పోతుంది. ‘పోస్టొచ్చిందా?’ అంటే ఉత్తరం. ‘పోస్టు పడింది’ అంటే ఉద్యోగం. జిల్లా సరిహద్దులో చెక్‌పోస్టు, మైదానంలో గోల్‌పోస్టు, ఫోన్‌లో పొద్దున్నే పెట్టే పోస్టు.

ఇవన్నీ ఒక తల్లి బిడ్డలు కావు. గోల్‌పోస్టులోని పోస్టు లాటిన్‌లో ద్వారబంధం నిలువు కమ్మీకి ఉన్న పేరు నుంచి వచ్చింది. పోస్టుమార్టంలోని పోస్టుకు లాటిన్‌లో ‘తర్వాత’ అని అర్థం. ఉత్తరానికి, ఉద్యోగానికి, కాపలా చోటుకు మాత్రం మూలం ఒక్కటే. ‘ఉంచడం’ అనే లాటిన్ క్రియ. ఇటలీలో వార్తాహరుల కోసం దారిలో గుర్రాలు ఉంచిన మజిలీని ‘పోస్టా’ అన్నారు.

ఏర్పాటు మాత్రం ఆ మాట కన్నా పాతది. పారశీక చక్రవర్తులకూ, రోమ్‌లో అగస్టస్‌కూ, మంగోలులకూ మజిలీ గుర్రాలు ఉండేవి. ఇంగ్లండ్‌లో 8వ హెన్రీ కాలానికి దారి పొడవునా పోస్టులు వెలిశాయి. అత్యవసరమైన ఉత్తరం మీద ‘త్వరగా పోస్టూ, త్వరగా, ప్రాణం మీదికొచ్చింది’ అన్న అర్థంలో రాసేవారు. కొన్నిటి మీద ఉరికొయ్య బొమ్మ కూడా గీసేవారు. ఆలస్యం చేస్తే ఏమవుతుందో రౌతుకు చదువు రాకపోయినా తెలియాలి కదా!

ఆ గుర్రాల మీద సాగిన ప్రయాణాల్లో నాకు ప్రాణప్రదమైనది రాబర్ట్ కేరీది. 1603 మార్చి 24 తెల్లవారుజామున రిచ్‌మండ్ ప్యాలెస్‌లో ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ కన్నుమూసింది. కేరీ ఆమెకు బంధువు. ఆమె తర్వాత గద్దెనెక్కాల్సిన స్కాట్లండ్ రాజు జేమ్స్‌కు ఆ కబురు ముందుగా తానే చెప్పాలని అతని పట్టుదల. మంత్రులు వద్దన్నా ఆగలేదు. దారిలో గుర్రాలు ముందే సిద్ధం చేయించుకున్నాడు. పొద్దున్న లండన్‌లో బయలుదేరినవాడు ఆ రాత్రికే 260 కిలోమీటర్ల దూరంలోని డాంకస్టర్ చేరాడు. రెండో రాత్రికి ఉత్తరాన తన సొంత ఇంటికి వచ్చాడు. మూడో రోజు నోరమ్ దగ్గర గుర్రం మీంచి పడ్డాడు. దాని డెక్క తలకు తగిలింది. నెత్తురు కారుతుంటే మళ్లీ ఎక్కాడు. వేగం తగ్గింది తప్ప ప్రయాణం ఆగలేదు.

శనివారం రాత్రి ఎడింబరా చేరేసరికి జేమ్స్ అప్పుడే పడకెక్కాడు. దుమ్ము, నెత్తురు అంటిన మనిషి పడకగదిలో మోకరిల్లి, ఆయన్ను ఇంగ్లండ్ రాజుగా సంబోధించాడు. ఉత్తరాలేవని జేమ్స్ అడిగితే చూపడానికి కేరీ దగ్గర ఒక్కటీ లేదు. నీలిరాయి ఉంగరం ఇచ్చాడు. రాజుకు ఆ గుర్తు చాలింది. దాదాపు 640 కిలోమీటర్లు, మూడు రోజుల్లోపు! కేరీ తెగువ గొప్పదే. కానీ అతని పేరు మిగిలింది, ప్రతి మజిలీలోనూ జీనుతో గుర్రాన్ని సిద్ధంగా ఉంచినవాళ్ల పేర్లు మిగల్లేదు. అసలు పోస్టు వాళ్లే.

రాజుల ఆ ఏర్పాటు 1635లో ఇంగ్లండ్ ప్రజలకు అందింది. 1840లో పెన్నీ తపాలా బిళ్లతో పేదల గడప తొక్కింది. 1854లో మన దేశమంతటా ఒకే తపాలా శాఖ, ఒకే ధర వచ్చాయి. అక్కడి నుంచి మాట చేజారింది. అమెరికావాళ్లు ‘మెయిల్’ అంటారు, దాన్ని పంచే సంస్థ పేరులో మాత్రం ‘పోస్టల్’ ఉంటుంది. బ్రిటన్‌వాళ్లు ‘పోస్టు’ అంటారు, వాళ్ల సంస్థ ‘రాయల్ మెయిల్’. అంతర్జాలంలో రాసేదాన్ని తెలుగువాళ్లు ‘టపా’ అన్నారు. తపాలా వాసన పోకుండా చూసుకున్నారని నాకెంతో సంతోషం.

2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ వార్త చదివి మా అమ్మ ట్రంకుపెట్టెలోంచి ఒక అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తీసింది. అంచులు నలిగిపోయాయి. అడుగున మా తాతయ్య వంకర సంతకం. పంపింది అందిందని చెప్పడానికి ఆ కార్డు ఎన్ని చేతులు మారి మా ఇంటికి తిరిగొచ్చిందో! ప్రతి చేతా తన చోట తాను సిద్ధంగా ఉంది.